ఉక్కపోతలోనూ ముసురులోనూ జడ రేగకుండా ఉండాలంటే

జూలైలో కాకినాడలో ఉదయం ఏడున్నరకి నున్నగా దువ్వి వేసిన రెండు జడలు, సాయంత్రం మా అమ్మాయి బడి నుంచి వచ్చేసరికి కొబ్బరి పీచులా అయ్యేవి. నుదుటి చుట్టూ రేగిన వెంట్రుకలు, జడ పొడవునా బయటికి పొడుచుకొచ్చిన పోగులు, వదులై జారిన రిబ్బన్లు. సెలవుల్లో హైదరాబాద్‌లో మా అక్కావాళ్ళింట్లో అదే నూనె రాసి అదే దువ్వెనతో వేసిన జడలు మాత్రం రాత్రి పడుకునే దాకా చెక్కుచెదిరేవి కావు. చెయ్యి అదే, జుట్టు అదే, మారింది గాలి. సముద్రం పక్కన వానాకాలంలో గాలిలో తేమ 80 శాతం దాటడం మామూలు సంగతి. సముద్రానికి దూరంగా, దక్కను పీఠభూమి మీద 500 మీటర్లకు పైగా ఎత్తున ఉన్న హైదరాబాద్‌లో ఆ ఉక్క అంతగా ఉండదు.

విశాఖ, మచిలీపట్నం, నెల్లూరు, చెన్నై, ఇంకా సింగపూర్‌లోనో హ్యూస్టన్‌లోనో ఉంటున్న మనవాళ్ళు, అందరిదీ ఇదే బాధ. నాకు ఇన్నేళ్ళలో అర్థమైనది ముందే చెప్పేస్తాను. జడ నిలబడటం వేళ్ళ నేర్పు మీద కొంతే ఆధారపడుతుంది. అల్లడం మొదలుపెట్టేసరికి జుట్టు ఎంత పొడిగా ఉంది, దానిమీద తేమని ఆపే పొర ఏదైనా ఉందా అన్నవే అసలు విషయాలు. అందుకే ఇక్కడ రాసిన వాటిలో సగానికి పైగా పాయలు తీయకముందు చేసే పనులే.

తేమకి జుట్టు ఎందుకు లేస్తుంది

గంజి పెట్టి ఇస్త్రీ చేసిన నూలు చీర ముసురు రోజున కట్టుకుంటే గంటలో మెత్తబడి ముడతలు పడుతుంది కదా. జుట్టులోనూ దాదాపు అదే జరుగుతుంది. వెంట్రుకలో ఉండే కెరాటిన్ అనే ప్రోటీన్ పోగుల్ని పట్టి ఉంచే వాటిలో హైడ్రోజన్ బంధాలు ఒకటి. నీళ్ళు తగిలితే అవి విడిపోతాయి. ఆరేటప్పుడు వెంట్రుక ఏ ఆకారంలో ఉంటే ఆ ఆకారంలోనే మళ్ళీ కలుస్తాయి. గాలిలో తేమ బాగా ఎక్కువైతే స్నానం చేయకపోయినా ఈ మార్పు నెమ్మదిగా జరుగుతూనే ఉంటుంది. వెంట్రుక ఉబ్బుతుంది, దువ్వి సాపు చేసిన ఆకారం వదిలేసి తన సహజమైన వంపుకి తిరిగిపోతుంది. అన్నీ ఒకేలా వంగవు కాబట్టి జడలోంచి ఒక్కొక్కటీ ఒక్కో దిక్కుకి లేస్తుంది.

వెంట్రుక పైపొర పెంకుటింటి కప్పులాంటిది. పెంకులు ఒకదానిమీద ఒకటి సర్దుకుని ఉంటే తేమ నెమ్మదిగా దిగుతుంది. రంగు వేయించడం, స్ట్రెయిటనింగ్, మరీ వేడి గాలి, తువ్వాలుతో గట్టిగా రుద్దడం వల్ల ఆ పెంకులు లేచిపోతే జుట్టు తేమని గబగబా తాగేస్తుంది. రంగు వేసిన జుట్టు వానాకాలంలో ముందు రేగేది అందుకే.

ముందు మీ జుట్టులో రేగేది ఏదో చూసుకోండి

జడ వేసుకున్న నాలుగు గంటల తర్వాత కిటికీ వెలుగు వెనకనుంచి పడేలా నిలబడి అద్దంలో చూడండి, లేదా ఎవరినైనా ఫోటో తీయమనండి. పాపిట చుట్టూ, నుదుటి దగ్గర మాత్రమే పొట్టి వెంట్రుకలు నిలబడితే అవి చాలామటుకు కొత్తగా వస్తున్న జుట్టు. జుట్టు నెలకి సుమారు ఒక సెంటీమీటరే పెరుగుతుంది, కాబట్టి అవి జడలో కలవడానికి చాలా నెలలు పడుతుంది. బిడ్డ పుట్టిన మూడు నాలుగు నెలలకో, టైఫాయిడ్, డెంగీ లాంటి జ్వరం తగ్గిన రెండు మూడు నెలలకో జుట్టు బాగా ఊడి, తర్వాత ఇలా పిల్ల వెంట్రుకలు వస్తాయి. వాటిని చూసి టెన్షన్ పడొద్దు, కత్తిరించొద్దు. పైనుంచి అణచి పెట్టుకుంటే సరిపోతుంది.

జడ మధ్యలో, పొడవునా పోగులు బయటికి వస్తుంటే మెట్లు మెట్లుగా కట్ చేయించిన జుట్టు అయినా కావాలి, మధ్యలో తెగుతున్న జుట్టయినా కావాలి. కొసల దగ్గర మాత్రమే పీచులా ఉంటే చివర్లు చీలాయని అర్థం. దానికి ఏ నూనే, ఏ సీరమ్మూ మందు కాదు. రెండు మూడు నెలలకోసారి అరంగుళం కత్తిరించడమే మార్గం.

తలంటు

జడ బాగా రావాల్సిన రోజుకి ముందురోజే తలంటుకోండి. తలస్నానానికి గంట రెండు గంటల ముందు కొబ్బరినూనె పట్టించండి. కొబ్బరినూనె మిగతా చాలా నూనెల్లా పైనే ఉండిపోదు, కొంత వెంట్రుక లోపలికి ఇంకుతుంది. తడిసినప్పుడు జుట్టు మరీ ఉబ్బకుండా, అందులోని ప్రోటీన్ కొట్టుకుపోకుండా కాపాడుతుంది. కుదుళ్ళకి కొంచెం చాలు, సగం నుంచి కొసల దాకా బాగా పట్టించండి.

కుంకుడుకాయ వాడేవాళ్ళు వాడుకోవచ్చు. బట్టల సబ్బు, ఒంటి సబ్బు తలకి పెట్టడం మాత్రం మానేయండి. వాటి క్షారానికి జుట్టు పెంకులు లేస్తాయి. కుంకుడు రసంలో నాలుగు మందారాకులు నలిపి ఆ జిగురు కలిపితే చిక్కు తేలిగ్గా వస్తుంది, ఇది మా అమ్మమ్మ అలవాటు. షాంపూ అయితే మాడుకే రుద్దండి. నురగ జారుతూ కొసల్ని కడుగుతుంది, వాటిని వేరే రుద్దక్కర్లేదు. కండిషనర్ చెవుల కింద నుంచి కొసల వరకు పెట్టి, వేళ్ళతో చిక్కు తీసి, మూడు నిమిషాలాగి కడిగేయండి.

ఒక సంగతి చాలామంది పట్టించుకోరు. తీరప్రాంతంలో బోరు నీళ్ళు చాలా చోట్ల ఉప్పగా, బరువుగా ఉంటాయి. ఆ నీళ్ళలోని కాల్షియం జుట్టుకి పేరుకుని గరుకు చేస్తుంది. తలస్నానం మొత్తం మంచినీళ్ళతో కుదరకపోతే ఆఖరి రెండు మూడు చెంబులైనా తాగే నీళ్ళు పోసుకోండి. మా ఇంట్లో ఈ ఒక్క మార్పుతోనే పిల్ల జుట్టు చేతికి మెత్తగా తగలడం మొదలైంది.

ఆరబెట్టడం: అసలు పని ఇక్కడుంది

శ్రావణమాసంలో మా పిన్ని కూతురి పెళ్ళికి ఒక పార్లర్ నుంచి వచ్చినామె నాకు జడ వేసింది. నీళ్ళు స్ప్రే చేసి, తడి మీదే జెల్ రాసి, గట్టిగా లాగి అల్లింది. వేసిన వెంటనే అద్దంలో చూసుకుంటే నిజంగా చాలా బాగుంది. రెండు గంటలు తిరక్కముందే జడ వదులై జడబిళ్ళలు ఒక పక్కకి జారాయి, పైన జెల్ పొరలు తెల్లగా పొట్టులా లేచాయి, పాపిట పక్కనంతా రేగిపోయింది. తలంబ్రాల వేళకి నేను పెళ్ళి చూడటం మానేసి పిన్నులు సర్దుకుంటూ కూర్చున్నాను.

తడి జుట్టు ఉబ్బి లావుగా ఉంటుంది, లాగితే సాగుతుంది కూడా. ఆ లావుకి తగినట్టు పాయలు అల్లితే, ఆరాక ఒక్కో వెంట్రుకా సన్నబడి పాయల మధ్య సందు వస్తుంది. ఆ సందులోంచే పోగులు జారతాయి. పైగా ఉక్క రోజుల్లో ఒత్తయిన జడ లోపలి భాగం సాయంత్రం దాకా ఆరదు. వాసన వస్తుంది, చుండ్రు ఉన్నవాళ్ళకి ఎక్కువవుతుంది.

కాబట్టి ఇలా ఆరబెట్టుకోండి. స్నానం కాగానే పాత నూలు చీర ముక్కనో, వాడి వాడి మెత్తబడిన టీషర్టునో తలకి చుట్టి పది నిమిషాలు ఉంచండి. రుద్దకండి, జుట్టుని గుడ్డలో పట్టుకుని పిండినట్టు నొక్కండి. తర్వాత పెద్ద పళ్ళ దువ్వెనతో కొసల నుంచి మొదలుపెట్టి పైకి చిక్కు తీయండి. ఫ్యాను కింద కూర్చుని, జుట్టుని నాలుగు భాగాలుగా విడదీసి ముందుకి వేసుకోండి. ముసురు రోజున ఒత్తయిన జుట్టు ఫ్యాను కింద ఆరడానికి రెండు మూడు గంటలైనా పడుతుంది. అంత టైం లేకపోతే డ్రయ్యర్ తప్పు కాదు. ఆరంగుళాల దూరంలో పట్టుకుని, మధ్యస్థం వేడిలో, గాలి కుదుళ్ళ నుంచి కొసల వైపుకి వీచేలా తిప్పండి. ఆఖరి రెండు నిమిషాలు చల్లగాలి పెట్టండి. సాంబ్రాణి ధూపం వేసే అలవాటు ఉన్నవాళ్ళు నిప్పుల సెగ జుట్టుకి నేరుగా తగలకుండా చూసుకోవాలి.

ఆరిందో లేదో పైన తడిమి నిర్ణయించకండి. మెడ గుంట దగ్గర, జుట్టు అడుగు పొరలోకి వేళ్ళు పోనిచ్చి, అరచేతి వెనక భాగంతో చూడండి. చల్లగా తగిలిందంటే ఇంకా తడి ఉన్నట్టే. మా అమ్మాయికి నేను రోజూ అక్కడే చూస్తాను. పైన ఎండుటాకులా ఉండి, అక్కడ మాత్రం మంచు ముట్టుకున్నట్టుండే రోజులే ఎక్కువ.

రింగుల జుట్టు వాళ్ళకి చిన్న మార్పు. పొడి జుట్టు దువ్వితే మీకు ఇంకా రేగుతుంది. మీరు కొంచెం తడి ఉండగానే సీరమ్ గానీ జెల్ గానీ రాసి, దువ్వి, పాయలుగా విడదీసి పూర్తిగా ఆరనిచ్చి అప్పుడు అల్లుకోవాలి.

పొర వేయడం

మార్కెట్‌లో దొరికే సీరమ్‌లలో చాలావరకు డైమెథికోన్ లాంటి సిలికోన్లు ఉంటాయి. అవి వెంట్రుక మీద పలుచని పొరలా పరుచుకుని తేమని అడ్డుకుంటాయి. భుజం దాకా ఉన్న జుట్టుకి రెండు మూడు చుక్కలు, నడుం దాకా ఉంటే ఐదారు చుక్కలు చాలు. అరచేతుల్లో బాగా రుద్దుకుని కొసల దగ్గర మొదలుపెట్టి పైకి రండి. మాడుకి తగలనివ్వద్దు. ఇలా సీరమ్ వాడేవాళ్ళు తలంటులో షాంపూ మానకూడదు, పొర మీద పొర పేరుకుంటుంది.

సీసా మీద గ్లిజరిన్ పేరు మొదటి మూడు నాలుగు పదార్థాల్లో కనిపిస్తే దాన్ని చలికాలానికి దాచుకోండి. గ్లిజరిన్ గుణం తేమని లాక్కోవడం. గాలినిండా తేమ ఉన్నప్పుడు అది జుట్టులోకి ఇంకా నీళ్ళు లాగుతుంది. కలబంద గుజ్జు కూడా ఒక్కదాన్నే రాస్తే ఉక్కలో అందరికీ పడదు. నాకు పడలేదు.

ఇంట్లో చేసుకోదలిస్తే అవిసె గింజల జెల్ మంచిది. పావు కప్పు గింజలు రెండు కప్పుల నీళ్ళలో వేసి సన్నని సెగ మీద ఏడెనిమిది నిమిషాలు కలుపుతూ ఉడికించండి. గరిటె ఎత్తితే కోడిగుడ్డు తెల్లసొనలా తీగ సాగాలి. సాగగానే దించి, వేడిమీదే పలుచని గుడ్డలో వడకట్టండి. చల్లారాక గట్టిపడి గుడ్డలోంచి దిగదు. ఫ్రిజ్‌లో వారం దాకా ఉంటుంది. నుదుటి దగ్గరికీ పాపిట పక్కలకీ బఠాణీ గింజంత చాలు.

నూనె రాసి జడ వేసుకునే పాత పద్ధతి ఉక్క రోజుల్లో నిజంగానే పనిచేస్తుంది. తైలసంస్కారం ఉన్న జుట్టు తేమని త్వరగా పట్టదు. కాకపోతే జిడ్డు కారేంత అక్కర్లేదు, అరచేతిలో అర స్పూను పరిచి పైపైన రాస్తే చాలు.

అల్లడం

పాపిట తోకదువ్వెనతో ఒక్క గీతలో తీయండి. వంకర పాపిటలో రెండు వైపుల కుదుళ్ళూ కలగలిసి అక్కడే ముందు లేస్తాయి. మూడు పాయలూ ఒకే లావుగా ఉండాలి. ఒకటి సన్నగా ఉంటే జడ అటు వంగి, లావు పాయలో పోగులు వదులవుతాయి.

బిగి అంతటా ఒకేలా ఉండటం ముఖ్యం. చాలామంది మెడ దగ్గర ప్రాణం పోయేలా లాగి, సగానికి వచ్చేసరికి వదిలేస్తారు. తిరగెయ్యండి. మొదటి రెండు అల్లికలు మాడు నొప్పి పుట్టనంత బిగిలో వేసి, కిందికి వెళ్ళేకొద్దీ ఆ బిగి తగ్గనివ్వకుండా పట్టుకోండి. పాయ మార్చిన ప్రతిసారీ బొటనవేలు, చూపుడువేలు మధ్య ఆ పాయని పైనుంచి కిందికి ఒక్కసారి సాపు చేయండి, వేళ్ళకి ఒక్క చుక్క నూనె ఉంటే చాలు. మూడు అల్లికలకోసారి మిగిలిన జుట్టుని కింద దువ్వండి. లేకపోతే పై అల్లిక చిక్కుని కిందికి తోస్తుంది, ఆ చిక్కు లాగినప్పుడు పైన పోగులు లేస్తాయి. ఉత్త రబ్బరు బ్యాండు వద్దు, గుడ్డ చుట్టినది వాడండి.

మెట్ల కట్ ఉన్నవాళ్ళకి మాడు నుంచే జుట్టు కలుపుకుంటూ వచ్చే ఫ్రెంచ్ జడ మేలు. పొట్టి వెంట్రుకలు ప్రతి అల్లికలోనూ ఇరుక్కుంటాయి. నాలుగు పాయల జడలో పాయలు సన్నం కాబట్టి పోగులు తక్కువ జారతాయి, వేయడానికి మాత్రం ఓపిక కావాలి.

మెలి జడ సంగతి వేరు. రెండు పాయల్ని ఊరికే ఒకదాని చుట్టూ ఒకటి చుడితే పది నిమిషాల్లో విడిపోతుంది. కోనసీమలో కొబ్బరి పీచుతో తాడు పేనడం చూసినవాళ్ళకి ఇందులో కిటుకు తెలుసు. ముందు రెండు పాయలకీ విడివిడిగా కుడివైపుకి పురి ఎక్కించాలి. తర్వాత ఆ రెండింటినీ కలిపి ఎడమవైపుకి చుట్టాలి. ఒక పురి విప్పుకోవాలని చూస్తే రెండోది బిగుస్తుంది, ఆ పోటీలోనే తాడు నిలబడుతుంది. ప్రతి చుట్టుకీ పాయలకి మళ్ళీ ఒక కుడి పురి ఇవ్వడం మరవకండి. నున్నటి జుట్టుకి మెలి జడ తొందరగా జారుతుంది. రింగుల జుట్టుకి ఇదే అన్నిటికన్నా బాగా నిలుస్తుంది, తేమ తగిలినా ఆ వంపులు ఒకదాన్నొకటి పట్టుకుంటాయి.

ఈ మధ్య మన పిల్లలు వేయించుకుంటున్న బాక్స్ బ్రెయిడ్స్ (మాడుని చిన్న చిన్న గళ్ళుగా విడదీసి వేసే సన్న జడలు), కార్న్‌రోస్ (మాడుకి అంటుకునేలా వరసలుగా అల్లే జడలు) ఆఫ్రికా సంతతివాళ్ళ సంప్రదాయం. వాటిలో కలిపే సింథటిక్ జుట్టు తేమకి ఉబ్బదు, కుదుళ్ళ దగ్గరి మీ జుట్టు మాత్రం ఉబ్బుతుంది. అందుకని వారానికి రెండుసార్లు పైన కొంచెం మూస్ (జుట్టుకి రాసే నురగ) రాసి, స్కార్ఫ్ కట్టుకుని పదిహేను నిమిషాలు ఉంచాలి. ఆరేడు వారాలకి మించి ఉంచుకోకండి.

ఏ జడైనా సరే, కణతల దగ్గర నొప్పి, చిన్న చిన్న పొక్కులు, ఆ చోట జుట్టు పలచబడటం కనిపిస్తే ఆ బిగి వదిలేయాల్సిందే. రోజూ లాగి వేసిన జడల వల్ల నుదుటి అంచు వెనక్కి పోతుంది. మొదట్లో మానేస్తే జుట్టు తిరిగొస్తుంది, ఏళ్ళ తరబడి అలాగే సాగితే రాకపోవచ్చు. పిల్లల విషయంలో దీన్ని అస్సలు తేలిగ్గా తీసుకోకండి.

జడ అయ్యాక మెత్తటి పాత టూత్‌బ్రష్‌కి చిటికెడు జెల్ అద్ది నుదుటి మీది పొట్టి వెంట్రుకల్ని జుట్టు వెళ్ళే దిక్కుకే దువ్వండి. పైన పలుచటి గుడ్డ పట్టీలా కట్టి, టిఫిన్ తినేదాకా ఉంచండి. జెల్ గుడ్డ కింద ఆరితేనే పొర నిలుస్తుంది. ఆరాక మళ్ళీ చెయ్యి పెట్టకండి, ముట్టుకుంటే పొర పగిలి తెల్లటి పొట్టు లేస్తుంది.

బయటికి వెళ్ళాక

స్కూటీ మీద వెళ్ళేవాళ్ళు హెల్మెట్ లోపల పలుచటి సాటిన్ స్కార్ఫ్ కట్టుకోండి. లోపలి స్పాంజి చెమట పట్టి కుదుళ్ళని రాపిడి పెడుతుంది. మల్లెపూల మీద అమ్మేవాళ్ళు నీళ్ళు చల్లుతుంటారు. కొనగానే జడలో తురుముకుంటే ఆ నీళ్ళు సరిగ్గా కుదుళ్ళ కింద దిగి, గంటలో అక్కడ జుట్టు లేస్తుంది. దండని రెండుసార్లు దులిపి, పొడి గుడ్డ మీద ఐదు నిమిషాలు ఉంచి పెట్టుకోండి.

వానలో జడ తడిస్తే విప్పి ఆరబెట్టడమే మంచిది. ఆఫీసులో అది కుదరకపోతే టిష్యూతోనో చేతిరుమాలుతోనో జడని పైనుంచి కిందికి నొక్కుతూ రండి, దువ్వెన ముట్టుకోకండి. తడిసిన జడని పైన దువ్వితే ఉన్నవి కూడా బయటికొస్తాయి. రేగిన చోట ఒక్క చుక్క సీరమ్ రెండు అరచేతులకీ రాసుకుని, జడని మధ్యలో పెట్టి నమస్కారం చేసినట్టు మెల్లగా నొక్కితే చాలు. మరీ పాడైపోతే జడని చుట్టి ముడి వేసి నాలుగు పిన్నులు పెట్టేయండి. రేగిన పోగులు లోపలికి పోతాయి, చూడటానికీ బాగుంటుంది.

రాత్రి జడతో పడుకుంటే నూలు గలీబు మీద రాపిడి తప్పదు. నల్లజాతి స్త్రీలు తరతరాలుగా తలకి సాటిన్ గుడ్డ కట్టుకుని పడుకునే అలవాటుతోనే తమ అల్లికల్ని వారాల తరబడి కాపాడుకుంటున్నారు. మనింట్లో దానికి వేరే కొననక్కర్లేదు. నేను చిరిగిన పాత పట్టుచీరలో జరీ లేని భాగం కత్తిరించి, తలగడకి సరిపడా కుట్టాను. అందులో మిగిలిన పీలికతోనే మా అమ్మాయి జడలకి రాత్రిపూట చివర్లు కడతాను. జడ విప్పి, మళ్ళీ వదులుగా ఒక్కటే అల్లి, మెడ కింద పడకుండా తలగడ మీదికి తీసి పెడతాను. పొద్దున చిక్కు తీయడానికి పట్టే పావుగంట ఇప్పుడు మూడు నాలుగు నిమిషాలైంది. ఆ మిగిలిన కాసేపూ మెడ గుంట దగ్గర తడి ఉందో లేదో నింపాదిగా చూసుకోగలుగుతున్నాను.